కోల్డ్ స్టోరేజ్ ప్యానెల్ స్క్రీన్: తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి, బొమ్మ పక్కకి జరుగుతోంది, టచ్ దానంతటదే పడుతోంది

మిర్చి_ప్యానెల్ (గుంటూరు)
అందరికీ నమస్తే. గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజ్‌కి కంట్రోల్ ప్యానెల్ చేస్తున్నానండీ. నాలుగు గదులు, ఒక్కో గదికి రెండు టెంపరేచర్ ప్రోబ్‌లు, తలుపు స్విచ్చి, ఇవి కాక రెండు కంప్రెసర్ల స్టేటస్, అన్నీ మోడ్‌బస్ (పరికరాలు డేటా పంపుకునే పద్ధతి) మీద వస్తాయి. డిస్‌ప్లేకి 7 అంగుళాల 800 బై 480 టచ్ బోర్డు తీసుకున్నా. చిప్ ఈఎస్‌పీ32 ఎస్3, 16 ఎంబీ ఫ్లాష్ (కరెంటు పోయినా నిలిచే మెమరీ), 8 ఎంబీ పీఎస్‌రామ్ (అదనపు రామ్). గ్రాఫిక్స్ అంతా ఎల్‌వీజీఎల్ 8.3 (స్క్రీన్ మీద బొమ్మలు, అక్షరాలు గీసే లైబ్రరీ) తో రాశా. ఇంట్లో టేబుల్ మీద బంగారంలా పనిచేసింది, సైట్‌లో బిగించాక మూడు తలనొప్పులు మొదలయ్యాయి.

పెద్దది తెలుగు. ముందు అన్నీ ఇంగ్లీషులోనే పెట్టా. ఒక రాత్రి రెండింటికి అక్కడ ఆపరేటర్ బాబాయ్ ఫోన్ చేసి "బాబూ, ఎర్రగా ఏదో వచ్చి ఆరుతా వెలుగుతా ఉంది, ఏంటో తెలీట్లా" అన్నాడు. చదవమంటే ఆయనకి ఇంగ్లీషు రాదు, ఇంకొకర్ని నిద్రలేపి ఫోటో తీయించి వాట్సాప్‌లో పంపితే అప్పుడు తెలిసింది, మూడో గది తలుపు సరిగా పడలేదని. నలభై నిమిషాలు పోయింది. ఆయన రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదువుతాడండీ, అదే తెలుగులో ఉంటే నాకు ఫోన్ కూడా చేయకుండా వెళ్ళి తలుపు వేసేవాడు.

అందుకని నోటో సాన్స్ తెలుగు ఫాంట్ కన్వర్ట్ చేసి ఎక్కించా. "ఉష్ణోగ్రత" అని రాస్తే స్క్రీన్ మీద "ఉష్‌ణోగ్‌రత" అని వస్తోంది. "కంప్రెసర్" కాస్తా "కంప్‌రెసర్". గుడులు కూడా తలకట్టు మీద పడి కలిసిపోతున్నాయి.

రెండోది, అప్పుడప్పుడు స్క్రీన్ మొత్తం ఒక అంగుళం పక్కకి జరిగి ఉండిపోతోంది, రీసెట్ కొడితే గానీ సర్దుకోదు. మూడోది, కంప్రెసర్ స్టార్ట్ అయినప్పుడు ఎవరూ ముట్టుకోకుండానే బటన్ నొక్కినట్టు పడుతోంది. ఈ మూడోదానికి నిజంగా భయమేస్తోంది.

పటమట_లినక్స్ (విజయవాడ)
తెలుగు కావాలంటే లినక్స్ బోర్డుకి వెళ్ళిపోండి అన్నా. క్యూటీలో (స్క్రీన్లు తయారుచేసే లైబ్రరీ) హార్ఫ్‌బజ్, అంటే అక్షరాల్ని కలిపి ఒత్తులు పేర్చే ప్రోగ్రాము, లోపలే ఉంటుంది, తెలుగు ఎట్లా టైప్ చేస్తే అట్లా వస్తుంది, ఒత్తులు, గుణింతాలు, ఏ గొడవా ఉండదు. డెస్క్‌టాప్ కూడా అక్కర్లేదు, ఈజీఎల్‌ఎఫ్ఎస్ మీద నేరుగా ఫుల్ స్క్రీన్ నడుస్తుంది. నేను రాస్ప్‌బెర్రీ పై 4 మీద రెండు మెషీన్లకి చేశా.

ఒక జాగ్రత్త, మన దగ్గర కరెంటు ఎప్పుడు పోద్దో తెలీదు కాబట్టి ఎస్‌డీ కార్డుని రీడ్ ఓన్లీగా పెట్టి, రాసేవన్నీ రామ్‌లోకే పోయేలా పైన ఓవర్‌లే వేయాలి, లేకపోతే నాలుగోసారో ఐదోసారో బూట్ అవటం మానేస్తుంది. నాకు జరిగింది, ఎండాకాలంలో, అదీ ఆదివారం. ఇంకోటి లైసెన్స్. క్యూటీని ఫ్రీగా వాడాలంటే ఎల్‌జీపీఎల్ 3 షరతులు చదువుకోండి, డైనమిక్‌గా లింక్ చేయాలి, ఆ లైబ్రరీని మార్చుకునే వీలు కొన్నవాళ్ళకి ఇవ్వాలి. కొన్ని మాడ్యూళ్ళు జీపీఎల్ లేదా కమర్షియల్ మాత్రమే.

మిర్చి_ప్యానెల్
థాంక్సండీ. ఈ బోర్డులు ఆల్రెడీ నాలుగు కొనేశా, ఓనరుకి రేటు కూడా చెప్పేశా, ఇప్పుడు మార్చలేను. పైగా కరెంటు వచ్చిన రెండు సెకన్లలో స్క్రీన్ రావాలి అంటున్నారు, ఇది వస్తోంది.

ఆటోనగర్_వైరింగ్ (విజయవాడ)
తమ్ముడూ ముందు మూడోది చూద్దాం, మిగతావి స్క్రీన్ అందం, ఇది మనుషుల ప్రాణం. కంప్రెసర్ కాంటాక్టర్ (కంప్రెసర్‌కి కరెంటు కలిపే పెద్ద రిలే) కాయిల్‌కి స్నబ్బర్ (కాయిల్ తన్నుడుని మింగే రెసిస్టర్, కెపాసిటర్ జంట) ఉందా? కాయిల్ 230 ఏసీనా, 24 డీసీనా? ప్యానెల్‌లో డిస్‌ప్లే కేబుల్ ఏ డక్ట్‌లో పోతోంది? పవర్ వైర్లతో కలిపి ఒకే డక్ట్‌లో తోశావా? తలుపు తీసి ఒక ఫోటో పెట్టు.

మిర్చి_ప్యానెల్
230 ఏసీ అన్నా. స్నబ్బర్ లేదు. డక్ట్ ఒకటే, అన్నీ దాంట్లోనే ఉన్నాయి. ఫోటో సైట్‌కి వెళ్ళినప్పుడు తీసి పెడతా.

ఆటోనగర్_వైరింగ్
అనుకున్నా. కాయిల్ ఆఫ్ అయ్యేప్పుడు అది తన్నే తన్నుడు వందల వోల్టుల్లో ఉంటుంది, పక్కనే నీ టచ్ ఫ్లాట్ కేబుల్ యాంటెనా లాగా పడుకుని ఉంది. కెపాసిటివ్ టచ్ కొలిచేదే అతి చిన్న తేడా, దానికి నీ వేలేదో కాయిల్ తన్నుడేదో ఏం తెలుస్తుంది. ప్రతి ఏసీ కాయిల్ రెండు కొసలు ఎ1 ఎ2 మీద 100 ఓమ్స్, 0.1 మైక్రోఫారడ్ సిరీస్‌లో వేయి, కెపాసిటర్ మాత్రం ఎక్స్2 రేటింగ్ 275 ఏసీదే, మామూలుది వేస్తే పేలుద్ది. రెడీమేడ్ స్నబ్బర్ బ్లాకులు కూడా కాంటాక్టర్ మీదే క్లిప్ అయ్యేవి దొరుకుతాయి. ఎక్కడన్నా 24 డీసీ రిలేలుంటే వాటికి 1ఎన్4007 డయోడ్ రివర్స్‌లో చాలు. డిస్‌ప్లేకి సప్లై వేరే ఎస్ఎంపీఎస్ నుంచి ఇవ్వు, రిలేలు వాడే దానితో కలపొద్దు. మోడ్‌బస్ పోయే ఆర్ఎస్485 లైనుకి షీల్డ్ కేబుల్ వేసి షీల్డ్‌ని ఒక చివరే ఎర్త్ చేయి.

ఇంకో మాట. కంప్రెసర్ ఆపటానికి స్క్రీన్ మీద బటన్ ఒక్కటే ఉంటే నేనైతే ఆ ప్యానెల్‌కి సప్లై ఇవ్వను. ఎర్ర పుట్టగొడుగు స్విచ్చి (ఎమర్జెన్సీ స్టాప్) బయట ఉండాలి, అది కాంటాక్టర్ కాయిల్ లైన్‌ని నేరుగా తెంపాలి, నీ చిప్పు హ్యాంగ్ అయినా సరే.

మిర్చి_ప్యానెల్
పుట్టగొడుగు స్విచ్చి ఉందన్నా, నేరుగా కాయిల్ లైన్‌లోనే. స్నబ్బర్లు రేపే తెస్తా.

కృష్ణలంక_కోడర్ (విజయవాడ)
స్క్రీన్ జరిగే సంగతికి వస్తా. మీ 800 బై 480 ఫ్రేమ్ 16 బిట్ కలర్‌లో 7,68,000 బైట్లు. ఎస్3 లోపలి రామ్ మొత్తం 512 కేబీ, అంటే ఫ్రేమ్ బఫర్ (స్క్రీన్ మీది బొమ్మ మొత్తం ఉండే మెమరీ) లోపల పట్టదు, పీఎస్‌రామ్‌లోనే ఉంటుంది. పిక్సెల్ క్లాక్ 16 మెగాహెర్ట్జ్ అనుకుంటే గీస్తున్నంతసేపూ సెకనుకి 32 ఎంబీ లెక్కన ఆ పీఎస్‌రామ్ నుంచి ఆగకుండా లాగుతూనే ఉండాలి. మీది ఆర్‌జీబీ ప్యానెల్, దానికి సొంత మెమరీ ఉండదు కదా, ఒక్క క్షణం డేటా అందకపోతే ఆ తర్వాత పిక్సెళ్ళన్నీ తప్పు చోట పడతాయి, అదే మీకు పక్కకి జరిగినట్టు కనపడేది. చిన్న ఎస్‌పీఐ డిస్‌ప్లేల్లో ఇది రాదు, ఐఎల్ఐ9341 లాంటి వాటిలో కంట్రోలర్‌కే మెమరీ ఉంటుంది, మనం ఆలస్యం చేసినా పాత బొమ్మ అట్లాగే నిలబడుతుంది.

డేటా ఎందుకు అందట్లేదు అనేది అసలు ప్రశ్న. మీరు ఫ్లాష్‌లోకి ఏమన్నా రాస్తున్నారా? లాగ్, సెట్టింగులు, ఏదైనా?

మిర్చి_ప్యానెల్
రాస్తున్నా. ప్రతి నిమిషానికి ఎనిమిది టెంపరేచర్లు ఎన్‌వీఎస్‌లో (ఫ్లాష్‌లో సెట్టింగులు దాచే చోటు) సేవ్ చేస్తున్నా, కరెంటు పోయినా గ్రాఫ్ ఉండాలని.

కృష్ణలంక_కోడర్
అదే. ఫ్లాష్ రాసేప్పుడు, చెరిపేప్పుడు చిప్ క్యాష్‌ని (సీపీయూకి, ఆ మెమరీలకి మధ్య ఉండే చిన్న మెమరీ) ఆపేస్తుంది. పీఎస్‌రామ్ కూడా ఆ క్యాష్ దారిలోనే వస్తుంది. 4 కేబీ సెక్టార్ చెరపటానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది, మీ ఒక ఫ్రేమ్‌కి 24, 25 మిల్లీసెకన్లు. అంటే ఒక్కోసారి ఒక ఫ్రేమ్ మొత్తానికి మెమరీ తలుపు మూసుకుపోతోంది. గడియారం పెట్టుకుని చూడండి, జరిగినప్పుడల్లా నిమిషం మారే క్షణంలోనే జరుగుతుంది.

మిర్చి_ప్యానెల్
ఇప్పుడే ఇంట్లో స్పేర్ బోర్డు మీద చూశానండీ. పదకొండు నిమిషాలు కదలకుండా కూర్చున్నా. రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ సరిగ్గా సెకన్లు సున్నాకి వచ్చినప్పుడే!! మూడు వారాల నుంచి డిస్‌ప్లే పాడైందేమోనని వేరేది ఆర్డర్ పెడదామనుకుంటున్నా.

కృష్ణలంక_కోడర్
డిస్‌ప్లేకి ఏం కాలేదు, కొనకండి. ఆర్‌జీబీ డ్రైవర్ సెట్టింగుల్లో బౌన్స్ బఫర్ అని ఉంటుంది, కొన్ని లైన్లని ముందే లోపలి రామ్‌లోకి తెచ్చిపెట్టేది, 10 లైన్లు పెట్టండి. 800 ఇంటూ 10 ఇంటూ 2, అంటే 16,000 బైట్లు, అలాంటివి రెండు తీసుకుంటుంది, 32,000 బైట్లు లోపలి రామ్‌లోంచి పోతాయి, పర్లేదు. దాంతో మామూలు ఒత్తిడి అంతా తగ్గుద్ది. కానీ ఫ్లాష్ రాసే క్షణంలో అది ఒక్కటే చాలదు, పీఎస్‌రామ్ నుంచి కాపీ చేయాల్సింది సీపీయూనే కాబట్టి. దానికి మెనూకాన్ఫిగ్‌లో (బిల్డ్ సెట్టింగుల మెనూ) కోడ్‌ని పీఎస్‌రామ్ నుంచే నడిపే ఎక్స్ఐపీ ఆప్షన్ ఆన్ చేయండి, అప్పుడు ఫ్లాష్ రాసేటప్పుడు క్యాష్ ఆగదు. ఒకవేళ ఎప్పుడన్నా జరిగినా దానంతటదే సర్దుకునేలా వీసింక్‌లో (కొత్త ఫ్రేమ్ మొదలయ్యే క్షణం) రీస్టార్ట్ చేసే ఆప్షన్ కూడా ఉంది, అదీ పెట్టండి.

నన్నడిగితే అసలు నిమిషానికోసారి ఫ్లాష్‌లో రాయటమే వద్దు. ఐ2సీ మీద చిన్న ఫ్రామ్ చిప్ (కరెంటు పోయినా నిలిచే ఇంకోరకం మెమరీ) వేయండి, ఈ వాడకానికి ఎన్నిసార్లు రాసినా అరగదు, చెరిపే పనీ లేదు.

తాడేపల్లి_ఫర్మ్‌వేర్
కోడర్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతున్నా. నేను వేరే రంగంలో డిస్‌ప్లేలు చేస్తాను, పేషెంట్ పక్కన పెట్టే మెషీన్లకి. మిర్చి గారూ, మీ మోడ్‌బస్ టాస్క్ నేరుగా లేబుల్ టెక్స్ట్ మారుస్తోందా? ఎల్‌వీజీఎల్ థ్రెడ్ సేఫ్ కాదు. ఒక టాస్క్ గీస్తుండగా ఇంకో టాస్క్ లేబుల్ మారిస్తే రోజులతరబడి బాగుండి ఒకరోజు ఉన్నట్టుండి పడిపోతుంది, కారణం దొరకదు. మోడ్‌బస్ టాస్క్ విలువని క్యూలో వేయాలి, గీసే టాస్క్ ఒక్కటే దాన్ని తీసుకుని స్క్రీన్ ముట్టుకోవాలి. లేదా టైమర్ హ్యాండ్లర్ పిలిచే చోట, మిగతా అన్ని చోట్లా ఒకే మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క టాస్క్‌నే రానిచ్చే తాళం) పట్టుకోవాలి.

ఇంకోటి, ఇది నేను ఎవరు అడగకపోయినా చెప్తాను. మూడో గది కేబుల్ తెగిపోతే స్క్రీన్ మీద ఏం కనపడుతుంది?

మిర్చి_ప్యానెల్
చివరిగా వచ్చిన విలువ అట్లానే ఉంటుంది మేడమ్.

తాడేపల్లి_ఫర్మ్‌వేర్
అదే వద్దండి. బయట గది వేడెక్కిపోతుంటుంది, స్క్రీన్ మీద మాత్రం 6.2 అని చక్కగా నిలబడి ఉంటుంది, బాబాయ్ దాన్ని నమ్మి పడుకుంటాడు. ఇంగ్లీషులో వచ్చిన అలారం కన్నా ఇది ప్రమాదం, దాన్ని చూసి కనీసం మీకు ఫోన్ చేశాడు. ఐదు సెకన్లు కొత్త విలువ రాకపోతే అంకె తీసేసి గీతలు పెట్టండి, పది సెకన్లకి "మూడో గది నుంచి సమాచారం రావట్లేదు" అని అలారం ఇవ్వండి. తలుపు అలారానికి మాత్రం కొంచెం ఆగండి, టిక్కీలు (మిర్చి బస్తాలు) లోపలికి మోసేటప్పుడు తలుపు తీసే ఉంటుంది కదా, ప్రతిసారీ మోగితే రెండో రోజుకి ఎవరూ దాని వైపు చూడరు.

అలారం పోయాక కూడా అది వచ్చినట్టు గుర్తు ఉండాలి, మనిషి చూశానని నొక్కేదాకా. ఎరుపు ఒక్కదాని మీదే ఆధారపడొద్దు, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలీని మగవాళ్ళు చాలామందే ఉంటారు. బొమ్మ ఆకారం కూడా మారాలి.

మిర్చి_ప్యానెల్
రాసుకున్నా మేడమ్, గీతల సంగతి ఈ రాత్రికే మార్చేస్తా. ఇంక తెలుగు. నాకొక ఆలోచన వచ్చింది, ఒత్తుల్లేని మాటలే వాడితే? ఉష్ణోగ్రత బదులు "చలి", కంప్రెసర్ బదులు "మోటారు", అట్లా.

గవర్నర్‌పేట_డీటీపీ (విజయవాడ)
నేను ఎలక్ట్రానిక్స్ మనిషిని కాదు బాబూ, ముప్ఫై ఏళ్ళుగా ప్రెస్సులకి డీటీపీ చేస్తున్నా. మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. ఒత్తుల్లేకుండా ఎంతసేపు రాస్తావు? "కంప్రెసర్" అని ఆ బాబాయే అంటాడు, మోటారు అంటే ఆయనకి ఇంకోటి, ఫ్యాన్ మోటారో నీళ్ళ మోటారో. ఆయన నోట్లో ఉన్న మాటే స్క్రీన్ మీద ఉండాలి. చిప్పుకి చేతకాలేదని మాట మార్చకు.

నీ సమస్య నాకు బాగా తెలిసిందే. యూనికోడ్‌లో "ష్ణో" అంటే ష, పొల్లు, ణ, ఓత్వం, ఇట్లా వరసగా ఉంటాయి. వాటిని కలిపి కిందికి ఒత్తు చేసి పెట్టే పని ఫాంటు చేయదు, ఫాంటులో ఆ రూపాలు ఉంటాయి గానీ ఏది ఎప్పుడు తీయాలో చెప్పేది వేరే ప్రోగ్రాము. అది నీ చిప్పులో లేదు. యూనికోడ్ రాకముందు మేం వాడిన ఫాంట్లు వేరు, వాటిలో ణ ఒత్తు ఒక కీ, గ్ర లో ర ఒత్తు ఒక కీ, తలకట్టు తీసేసిన అక్షరం ఇంకో కీ. మనిషే ఏరి పేర్చేవాడు, కంప్యూటర్ ఊరికే వరసగా పెట్టేది. ఆ పద్ధతైతే నీ చిప్పుకి సరిపోతుంది. ఆ పాత ఫాంట్లు మాత్రం లైసెన్స్ లేకుండా మెషీన్లలో పెట్టొద్దు, నోటోనే వాడుకో, లేదా మండలి ఫాంటు, రెండూ ఉచితమే.

సైజు సంగతి. నువ్వు అక్షరం 20 పిక్సెళ్ళు పెట్టావనుకో. ఆ సైజులో ద కి ధ కి తేడా కింద ఒక్క చుక్కంత గీత, ప కి ఫ కి కూడా అంతే, దూరం నుంచి రెండూ ఒకటే. మామూలు మాటకి 28 తగ్గకు, అలారానికి 40 పెట్టు. వరసల మధ్య ఖాళీ ఇంగ్లీషుకి ఇచ్చినంత ఇస్తే చాలదు, "ష్ట్ర" లాంటిది వస్తే ఒత్తు కింద ఒత్తు దిగి కింది వరస గుడి మీద కూర్చుంటుంది. అక్షరం ఎత్తులో సగం అదనంగా వదిలెయ్.

కృష్ణలంక_కోడర్
డీటీపీ గారూ, మీరు చెప్పిందే సరైన దారి, చాలా థాంక్స్. ఆ పేర్చే పనిని పీసీ మీద హార్ఫ్‌బజ్‌తో చేయించొచ్చు. మిర్చి గారి మాటల జాబితా ఇస్తే ఏ గ్లిఫ్ (ఫాంటులోని అక్షర రూపం), ఎంత పక్కకి, ఎంత కిందికి అని అంకెలు వస్తాయి, బోర్డు మీద ఆ అంకెల ప్రకారం అతికించటమే. పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ అవుతుంది.

కానీ మీ దగ్గర మొత్తం ఎన్ని వాక్యాలున్నాయి?

మిర్చి_ప్యానెల్
లెక్కపెట్టా, 96.

కృష్ణలంక_కోడర్
అయితే ఇంత కూడా అక్కర్లేదు. వాక్యం మొత్తాన్ని పీసీలోనే బొమ్మగా చేసేయండి, 4 బిట్ ఆల్ఫా, అంటే రంగు లేకుండా ఎక్కడ ఎంత గాఢమో మాత్రమే. 400 బై 48 బొమ్మ 9,600 బైట్లు, 96 వాక్యాలకి తొమ్మిది లక్షల చిల్లర. మీకు 16 ఎంబీ ఉంది. ఆల్ఫా బొమ్మ కాబట్టి ఎల్‌వీజీఎల్‌లో రంగు మీరే ఇచ్చుకోవచ్చు, అదే బొమ్మ మామూలప్పుడు తెల్లగా, అలారంలో ఎర్రగా. అంకెలకి ఈ గొడవే లేదు, వాటిని మామూలు లేబుల్‌గా పక్కన పెట్టండి.

ఆటోనగర్_వైరింగ్
నేను ఎనిమిదేళ్ళ నుంచి చేసేది ఇదే. డ్విన్ కంపెనీ డిస్‌ప్లేలు వాడతా, కోరల్‌డ్రాలో స్క్రీన్ మొత్తం తెలుగులో గీసి బొమ్మగా ఎక్కించి అంకెలు మాత్రం పైన వేస్తా. సీరియల్‌లో 5ఎ ఎ5 తో మొదలయ్యే ఫ్రేము పంపితే అంకె మారుద్ది, అంతే. ఇదొక పద్ధతని అనుకోలేదు.

గవర్నర్‌పేట_డీటీపీ
బొమ్మలు చేసేప్పుడు "మూడో" ఒక బొమ్మ, "గది తలుపు" ఒక బొమ్మ, "తీసి ఉంది" ఒక బొమ్మ అని ముక్కలు చేసి అతికించకు. నాలుగు గదులకి నాలుగు పూర్తి వాక్యాలు రాయి. ముక్కలు కలిపితే తెలుగు తెలుగులా ఉండదు.

అరండల్‌పేట_ఈసీఈ (గుంటూరు)
సార్, నేను ఈసీఈ థర్డ్ ఇయర్. ఇదంతా చదువుతుంటే నేర్చుకోవాలనిపిస్తోంది, కానీ ఈ బోర్డు కొనే డబ్బుల్లేవు. టచ్‌జీఎఫ్ఎక్స్ ఫ్రీ అంటున్నారు, దాంతో మొదలుపెట్టొచ్చా?

తాడేపల్లి_ఫర్మ్‌వేర్
టచ్‌జీఎఫ్ఎక్స్ మంచిదే, డెన్మార్క్ కంపెనీది, 2018లో ఎస్‌టీ వాళ్ళు కొన్నారు, అందుకే ఎస్‌టీఎం32 చిప్‌ల మీద మాత్రమే ఉచితం. నీకైతే ఎల్‌వీజీఎల్ పీసీ సిమ్యులేటర్ చాలు తమ్ముడూ. ఎస్‌డీఎల్ విండోలో నడుస్తుంది, అదే సి కోడ్ తర్వాత బోర్డు మీదకి పోతుంది, లైసెన్స్ ఎంఐటీ. కాలేజీ ల్యాబ్ కంప్యూటర్ మీదే చేసుకో. ఒక గడియారం చేయి ముందు, తర్వాత గ్రాఫ్. ఆ తర్వాత 240 బై 320 ఎస్‌పీఐ డిస్‌ప్లే ఒకటి కొనుక్కో, కొన్ని వందల్లో వస్తుంది. 40 మెగాహెర్ట్జ్ ఎస్‌పీఐ మీద ఫుల్ ఫ్రేమ్ పంపటానికి ఎంత టైము పడుతుందో ముందు కాగితం మీద లెక్కేసి తర్వాత కొలిచి చూడు, రెండూ ఎందుకు తేడా వచ్చాయో వెతుకు. ఉద్యోగానికి పనికొచ్చేది అక్కడే నేర్చుకుంటావు.

అరండల్‌పేట_ఈసీఈ
1,53,600 బైట్లు, 8 తో గుణిస్తే 12,28,800 బిట్లు, 40 మెగాహెర్ట్జ్ కి 30.7 మిల్లీసెకన్లు. కరెక్టేనా మేడమ్?

తాడేపల్లి_ఫర్మ్‌వేర్
కరెక్ట్. ఇప్పుడు కొలిచి చూడు.

మిర్చి_ప్యానెల్
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నా, లేటైనందుకు ఏమనుకోకండి, సైట్‌లోనే ఉన్నా. స్క్రీన్ జరగటం పూర్తిగా ఆగిపోయింది, బౌన్స్ బఫర్ పెట్టా, లాగ్ ఫ్రామ్‌లోకి మార్చా. స్నబ్బర్లు వేసి డక్ట్ వేరు చేశాక దానంతటదే టచ్ పడటం రోజుకి పదిసార్ల నుంచి ఈ వారంలో ఒక్కసారికి వచ్చింది. ఆ ఒక్కటి కూడా ఉండకూడదు కాబట్టి కంప్రెసర్ బటన్లని రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటేనే పనిచేసేలా మార్చా.

తెలుగు వాక్యాలు 40 సైజులో మండలి ఫాంట్‌తో పెట్టా. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బాబాయ్ పక్కనే ఉన్నాడు. కావాలని నాలుగో గది తలుపు కొంచెం తీసి పెట్టించా. "నాలుగో గది తలుపు తీసి ఉంది" అని వచ్చింది. ఆయన గట్టిగా చదివి, నా వైపు చూడకుండానే వెళ్ళి తలుపు నెట్టేసి వచ్చాడు. తర్వాత మెనూ అంతా ఒక్కొక్కటే చదువుతూ "డీఫ్రాస్ట్ ప్రారంభించు" దగ్గర ఆగి, "ఇదేంటి, మేం మంచు కరిగించటం అంటాం" అన్నాడు. మార్చాలి, ఇట్లాంటివి ఇంకో ఐదారు చెప్పాడు.

ఒక డౌట్ మిగిలింది. రాత్రిపూట వెలుగు కళ్ళకి కొడుతోందంటున్నాడు. బ్యాక్‌లైట్ పీడబ్ల్యూఎంతో (వేగంగా ఆన్ ఆఫ్ చేస్తూ) తగ్గిస్తే సన్నగా కీచుమని సౌండ్ వస్తోంది.

ఆటోనగర్_వైరింగ్
పీడబ్ల్యూఎం ఫ్రీక్వెన్సీ ఎంత పెట్టావ్? 1 కిలోహెర్ట్జ్ ఉంటే ఇండక్టరో కెపాసిటరో పాడుద్ది. 20 దాటించు, చెవికి వినపడదు. బోర్డు మీద బ్యాక్‌లైట్ డ్రైవర్ అంత స్పీడు తీసుకుంటుందో లేదో డేటాషీట్‌లో చూసుకో ముందు. ఆ ఒక్క టచ్ పడింది ఏ కంప్రెసర్ స్టార్ట్ అయినప్పుడో రాసిపెట్టావా?

మిర్చి_ప్యానెల్
రెండోది అన్నా. దాని కాంటాక్టర్‌కి స్నబ్బర్ వేశా గానీ పక్కన ఆయిల్ హీటర్ కాంటాక్టర్ ఒకటుంది, దానికి వేయలేదు.

ఆటోనగర్_వైరింగ్
దానికీ వేసి చెప్పు.